ఫ్యాబ్రిక్ వెర్షన్ మార్పు: అందరి సంతకమూ కావలసిన పని

మామూలు అప్లికేషన్‌ను కొత్త వెర్షన్‌కు మార్చాలంటే ఆ కంపెనీ ఇంజనీర్లు ఒక రాత్రి కూర్చుంటే చాలు. తెల్లవారేసరికి ఏదైనా తేడా కనబడితే బ్యాకప్ ఎక్కించి పాత స్థితికి తెచ్చుకుంటారు, వాడేవారికి ఆ సంగతి తెలియనే తెలియదు. నలుగురు వేర్వేరు యజమానులు కలిసి నడిపే బ్లాక్‌చెయిన్‌కు, అంటే అందరి దగ్గరా నకలు ఉండే ఉమ్మడి లెక్కల గొలుసుకు, ఈ పద్ధతి పనికిరాదని నా వాదన. అక్కడ ఫ్రేమ్‌వర్కు (మా విషయంలో హైపర్‌లెడ్జర్ ఫ్యాబ్రిక్ అనే బ్లాక్‌చెయిన్ సాఫ్ట్‌వేర్) వెర్షన్ మార్చడమంటే, ఆ నలుగురూ మొదట ఏ నియమాల మీద ఒప్పందానికి వచ్చారో ఆ నియమాలనే తిరగరాయడం. కాబట్టి దానిని సాంకేతిక సిబ్బంది సొంత వ్యవహారంగా చూడకుండా, భాగస్వాములందరూ తెలిసి ఒప్పుకోవలసిన నిర్ణయంగా వారి ముందు పెట్టాలి. దానితో మరే కొత్త పనినీ కలపకూడదు. పాతదే బాగా నడుస్తోందని ఏళ్ళ తరబడి వాయిదా వేయకూడదు.

నేను బెంగళూరులో, బెళ్ళందూరు దగ్గర ఉన్న ఒక చిన్న సాఫ్ట్‌వేర్ సంస్థలో పనిచేస్తున్నాను. మేము చూసుకునే నెట్‌వర్కు గుంటూరు మిర్చికి సంబంధించినది కావడం వల్లనో ఏమో, బృందంలో ఎక్కువమందిమి తెలుగువాళ్ళమే. రైతు తన టిక్కీలను (మిర్చి బస్తాలను) కోల్డ్ స్టోరేజీలో పెట్టినప్పుడు ఇచ్చే బాండు, ఆ బాండు మీద బ్యాంకు ఇచ్చే అప్పు, సరుకులో అఫ్లటాక్సిన్ అనే బూజు విషం ఎంత ఉందో చెప్పే ప్రయోగశాల నివేదిక, చివరకు ఎగుమతిదారు కొన్నప్పుడు జరిగే బదిలీ, ఇవన్నీ ఒకే లెడ్జర్‌లో, అంటే ఉమ్మడి ఖాతా పుస్తకంలో, నమోదవుతాయి. కోల్డ్ స్టోరేజీల సంఘం, బ్యాంకు, ప్రయోగశాల, ఎగుమతిదారు, ఈ నలుగురూ ఇందులో భాగస్వాములు. ఒకే బాండును రెండు చోట్ల తాకట్టు పెట్టే వీలు లేకుండా చేయడం దీని ముఖ్యోద్దేశం. కోల్డ్ స్టోరేజీ యజమానులకు బ్యాంకు మీద, బ్యాంకుకు ఎగుమతిదారు మీద పూర్తి నమ్మకం లేదు కనుకనే ఈ నెట్‌వర్కు పుట్టింది. ఎవరో ఒకరి డేటాబేసు చాలనుకుంటే ఇంత శ్రమ అక్కరలేదు.

ఇది మొదలైనది హైపర్‌లెడ్జర్ ఫ్యాబ్రిక్ 1.4 మీద. ఆ వెర్షన్ 2019 జనవరిలో వచ్చింది, ఫ్యాబ్రిక్‌లో దీర్ఘకాలిక మద్దతు ప్రకటించిన తొలి వెర్షన్ అదే. ఏడాది తిరిగేసరికి, 2020 జనవరిలో 2.0 వచ్చింది, అదే ఏడాది జూలైలో దీర్ఘకాలిక మద్దతుతో 2.2, తరువాత 2023లో అటువంటి మద్దతుతోనే 2.5, 2024 సెప్టెంబరులో 3.0 వచ్చాయి. 1.4 నుంచి 2.x కు మారడం వీటన్నిటిలోకి పెద్ద మార్పు. మా అనుభవం ప్రధానంగా దాని గురించే.

ఈ మార్పు రెండు అంచెల్లో జరుగుతుంది, ఆ రెండింటి స్వభావమూ పూర్తిగా వేరు. మొదటి అంచెలో ఆర్డరర్లనూ (లావాదేవీల వరుస నిర్ణయించి బ్లాకులుగా కట్టే సర్వర్లు), తరువాత పీర్‌లనూ (లెడ్జర్ నకలు ఉంచుకుని లావాదేవీలను సరిచూసే ఆయా సంస్థల సర్వర్లు) ఒక్కొక్కటిగా ఆపి, లెడ్జర్‌ను బ్యాకప్ తీసి, కొత్త బైనరీతో, అంటే కొత్త ప్రోగ్రాము ఫైలుతో, మళ్ళీ నిలబెడతారు. కొత్త బైనరీకి పాత నియమాలు కూడా తెలుసు కాబట్టి, ఈ దశలో కొందరు పాత వెర్షన్‌లోను కొందరు కొత్తదానిలోను ఉన్నా నెట్‌వర్కు నడుస్తూనే ఉంటుంది. ఇంతవరకు ఇది ఎవరి యంత్రం వారు చూసుకునే పని. రెండవ అంచె చానెల్ (సభ్యులు పంచుకునే ఒక లెడ్జర్) కాన్ఫిగరేషన్‌లో కేపబిలిటీని పెంచడం. లావాదేవీని ఏ నియమాల ప్రకారం సరిచూడాలో చెప్పేది కేపబిలిటీ. అది కూడా ఒక కాన్ఫిగరేషన్ బ్లాకుగా గొలుసులోనే చేరుతుంది. ఆ బ్లాకుకు ముందున్నవి పాత నియమాల ప్రకారమే చెల్లుతాయి, తరువాత వచ్చేవి కొత్త నియమాలకు లోబడతాయి. ఆ నియమాలు తెలియని పాత పీర్ ఏదైనా మిగిలి ఉంటే ఆ బ్లాకు దగ్గరకు వచ్చేసరికి ఆగిపోతుంది. ఒకసారి పెంచిన కేపబిలిటీని వెనక్కి తగ్గించడానికి ఫ్యాబ్రిక్‌లో మద్దతు లేదు.

మామూలు సాఫ్ట్‌వేర్ అలవాట్లతో వచ్చిన ఇంజనీరుకు ఈ రెండవ అంచె బరువు మొదట తెలియదు. కమాండు చిన్నదే, క్షణాల్లో అయిపోతుంది. కానీ అది జరిగాక, పీర్‌ను మార్చుకోని భాగస్వామి తన లెడ్జర్‌కు తానే దూరమవుతాడు. ఒకరి నిర్లక్ష్యం వల్లనో, సిబ్బంది లేకపోవడం వల్లనో అటువంటి స్థితి వస్తే, ఎవరి కోసం ఈ గొలుసు కట్టామో వారిని మనమే బయటకు నెట్టినట్టవుతుంది. అందుకే కేపబిలిటీ మార్పుకు ముందు భాగస్వాములందరితో వివరంగా మాట్లాడాలని నేను పట్టుబట్టాను. కోల్డ్ స్టోరేజీల తరఫున వ్యవహారాలు చూసే పెద్దాయన ఫోనులో అడిగిన ప్రశ్న ఇది: "బాబూ, బాండ్లు బాగానే వస్తున్నాయి కదా, మళ్ళీ మా సంతకం దేనికి?" నిజానికి ఇంతకంటే సరైన ప్రశ్న మరొకటి లేదు. "అయ్యా, ఇక మీదట లెక్క సరిచూసే పద్ధతి మారుతుందండీ. మీరు ఒప్పుకోకుండా అది మారకూడదు" అని చెప్పాను. ఆయన వెంటనే, "మారితే మా దగ్గర ఉన్న పాత బాండ్లు చెల్లుతాయా?" అన్నారు. ఆ తరువాత మేము చేసిన పరీక్షలన్నీ ఆ రెండవ ప్రశ్నకు జవాబు వెతకడానికే ఉపయోగపడ్డాయి.

2.0లో చెయిన్‌కోడ్‌ను, అంటే బాండు రాయడం, బదిలీ చేయడం వంటి నియమాలున్న ప్రోగ్రామును, అమలుకు తెచ్చే పద్ధతి కూడా మారింది. ఆ మార్పు నా వాదనకు బలమిస్తుంది. 1.4లో ఒక సంస్థ చెయిన్‌కోడ్‌ను చానెల్ మీద ఇన్‌స్టాన్షియేట్ చేస్తే (అమలులో పెడితే), ఎండార్స్‌మెంట్ విధానంతో (లావాదేవీకి ఏయే సంస్థల పీర్‌ల సంతకం కావాలన్న నియమంతో) సహా అది అందరికీ వర్తించేది. మిగిలినవారు దానిని తమ పీర్‌లో ఇన్‌స్టాల్ చేసుకోవడం తప్ప ముందుగా అవునని గాని కాదని గాని చెప్పే చోటు ఉండేది కాదు. కొత్త పద్ధతిలో ప్రతి సంస్థా చెయిన్‌కోడ్ వెర్షన్, వరుస సంఖ్య, ఎండార్స్‌మెంట్ విధానం చూసుకుని తన ఆమోదాన్ని విడిగా నమోదు చేయాలి. ఏ నియమమూ ప్రత్యేకంగా పెట్టకపోతే సగానికి మించిన సంస్థల ఆమోదం ఉంటేనే కమిట్ అవుతుంది, అంటే అమలులోకి వస్తుంది. మా నలుగురిలో ముగ్గురు ఒప్పుకోవాలన్నమాట. పైగా పాత చానెల్‌లో ఈ పద్ధతి దానంతట అది రాదు. లైఫ్‌సైకిల్ (చెయిన్‌కోడ్‌ను ఆమోదించి అమలుకు తెచ్చే క్రమం) ఎండార్స్‌మెంట్ విధానాలను కాన్ఫిగరేషన్‌లో ముందుగా చేర్చుకోవాలి. ఫ్రేమ్‌వర్కును తయారుచేసినవారే అందరి ఆమోదానికి చోటు కల్పించిన తరువాత, ఆ ఆమోదాలను నాలుగు సంస్థల అడ్మిన్ కీలతో (డిజిటల్ సంతకం చేసే రహస్య కోడ్‌లతో) ఒకే ఇంజనీరు ఒకే ల్యాప్‌టాప్ మీద నుంచి ఇచ్చేయడం నేను చాలా చోట్ల చూశాను. అది సౌకర్యమే కావచ్చు. కానీ అప్పుడు ఆ నెట్‌వర్కులో పాల్గొంటున్నది ఒక్కరే. కీలు ఎవరివి వారి దగ్గర ఉండాలని, ఆమోదం వారి చేతుల మీదుగానే జరగాలని మేము మొదటి షరతుగా పెట్టుకున్నాం. దీనివల్ల పని కొన్ని వారాలు ఆలస్యమైంది, అయినా ఆ ఆలస్యం అవసరమే అనుకుంటాను.

ఆర్డరింగ్ సేవ సంగతి కూడా ఇటువంటిదే. 1.4 తొలి రోజుల్లో చాలామంది లాగే మేమూ, ఆర్డరర్ల వెనుక సందేశాలను వరుసలో పెట్టే కాఫ్కా అనే సాఫ్ట్‌వేర్ మీద ఉన్నాం. కాఫ్కా క్లస్టర్‌ను ఆచరణలో ఒకే సంస్థ నడుపుతుంది, మా దగ్గర అది ఎగుమతిదారు. 1.4.1లో వచ్చిన రాఫ్ట్ పద్ధతిలో ఆర్డరర్లే తమలో తాము వరుస తేల్చుకుంటాయి కాబట్టి ఎవరి ఆర్డరర్‌ను వారు నడుపుకోవచ్చు. మారే క్రమంలో చానెళ్ళను మెయింటెనెన్స్ స్థితిలోకి తీసుకువెళ్ళి, బ్యాకప్ తీసి, పద్ధతి పేరు మార్చి, ఆర్డరర్లన్నిటినీ తిరిగి లేపి, అంతా సరిగా ఉందని చూసుకున్నాకే మళ్ళీ మామూలు స్థితికి తెస్తారు. ఇదంతా డాక్యుమెంటేషన్‌లో వివరంగానే ఉంది. అందులో లేనిది ఏమిటంటే, లావాదేవీల వరుస నిర్ణయించే అధికారం ఒకరి చేతిలోనుంచి నలుగురి చేతుల్లోకి వెళుతోందన్న సంగతిని ఆ ఒక్కరికీ, మిగిలిన ముగ్గురికీ ఎలా చెప్పాలన్నది.

ఇప్పుడు అందరికంటే ముందుగా నోటికి వచ్చే సలహా గురించి మాట్లాడాలి. పాత నెట్‌వర్కును ఆపేసి, కొత్త వెర్షన్ మీద ఖాళీ నెట్‌వర్కు కట్టి, పాతదానిలోని చివరి నిల్వలను అందులోకి ఎక్కించేద్దామని మా బృందంలో అనుభవమున్న ఒక అన్న గట్టిగానే చెప్పారు. ఆయన వాదన తేలిగ్గా తీసిపారేయదగినది కాదు. వెర్షన్ మార్పులో వచ్చే చిక్కుల్లో ఎక్కువ భాగం పాతదాన్ని మోసుకురావడం వల్లనే వస్తాయి. కొత్తగా కడితే రాఫ్ట్, కొత్త లైఫ్‌సైకిల్, కొత్త సర్టిఫికెట్లు అన్నీ మొదటి నుంచే ఉంటాయి, పని కూడా సగం కాలంలో పూర్తవుతుంది.

అయినా నేను ఒప్పుకోలేదు. పాత లెడ్జర్‌లో ఒక బాండు రికార్డును తెరిచి చూస్తే, దానిని సృష్టించిన లావాదేవీ మీద కోల్డ్ స్టోరేజీ పీర్ సంతకం, బ్యాంకు పీర్ సంతకం, సమర్పించినవారి సంతకం విడివిడిగా కనబడతాయి. ఆ లావాదేవీ ఉన్న బ్లాకు, తనకు ముందున్న బ్లాకు హ్యాష్‌ను (ఒక్క అక్షరం మారినా మారిపోయే డిజిటల్ వేలిముద్రను) మోస్తుంది. ఫలానా రోజున ఫలానా సరుకు మీద ఎవరి హక్కు ఏమిటో ఆ ముగ్గురిలో ఎవరూ తరువాత కాదనలేరు. ఆ బాండునే కొత్త లెడ్జర్‌లోకి ఎక్కిస్తే, టిక్కీల సంఖ్య వస్తుంది, తేజ రకమని వస్తుంది, అప్పు మొత్తం వస్తుంది. సంతకాలు మాత్రం ఆ ఎక్కింపును ఆమోదించినవారివే, ఆ రోజువే ఉంటాయి. మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారి కొత్త సంవత్సరానికి కొత్త ఖాతా పుస్తకం తెరిచి పాత నిల్వను మొదటి పేజీలో రాసుకుంటాడు గాని, బాకీ తగాదా వస్తే పంచాయితీలో చూపించేది రైతు వేలిముద్ర ఉన్న పాత పుస్తకాన్నే. పాత నెట్‌వర్కును ఆపివేసి సర్వర్లను ఖాళీ చేసిన తరువాత చూపించడానికి ఏ పుస్తకమూ మిగలదు. అప్పు వివాదం కోర్టుకు వెళ్ళిన రోజున, "ఇవి మేము పాతదాని నుంచి సరిగానే ఎక్కించాం" అన్న మా కంపెనీ మాట తప్ప రుజువుండదు. మా మాటను నమ్మవలసిన అవసరం లేకుండా చేయడానికే కదా వారు ఈ వ్యవస్థను కోరుకున్నది.

ఫ్యాబ్రిక్ తనంతట తానుగా ఏం చేస్తుందో చూస్తే ఈ విషయం ఇంకా స్పష్టమవుతుంది. 1.4 నుంచి 2.x కు పీర్‌ను మార్చేటప్పుడు డేటాబేసుల ఆకృతి మారింది కాబట్టి, పీర్ నోడ్ అప్‌గ్రేడ్-డీబీస్ అనే కమాండు నడపాలి. అది నడపకుండా లేపితే పీర్ మొరాయిస్తుంది. ఆ కమాండు స్టేట్ డేటాబేసును (ప్రస్తుత నిల్వలు), హిస్టరీ డేటాబేసును (ఏ రికార్డు ఎప్పుడు మారిందన్న సూచిక) తీసివేస్తుంది. పీర్ మళ్ళీ లేచినప్పుడు మొదటి బ్లాకు నుంచి చదువుకుంటూ వాటిని తిరిగి కట్టుకుంటుంది. చెయిన్‌కోడ్‌ను మళ్ళీ నడపదు. ప్రతి లావాదేవీలో అప్పుడే నమోదైన రాతలను వరుసగా వర్తింపజేస్తుంది. దీనిని మొదటిసారి టెస్ట్ నెట్‌వర్కులో చూసినప్పుడు చాలాసేపు లాగ్ ముందే కూర్చున్నాను. ప్రస్తుత నిల్వ అనుకుని మనం చూసేదంతా బ్లాకుల నుంచి ఎప్పుడైనా లెక్కకట్టుకోగలిగిన ఫలితం మాత్రమేనని, అసలు ఆస్తి బ్లాకులేనని అంత స్పష్టంగా చూపించే సందర్భం మరొకటి లేదు. నిల్వలు మాత్రమే తరలిద్దామన్న సలహా, తిరిగి కట్టుకోగలిగినదాన్ని ఉంచుకుని, తిరిగి తెచ్చుకోలేనిదాన్ని వదులుకోమంటోంది.

చరిత్ర మరీ భారీగా పెరిగిపోయిన నెట్‌వర్కులకు మధ్యేమార్గం ఒకటుంది. 2.3 నుంచి పీర్‌లు ఫలానా బ్లాకు దగ్గర లెడ్జర్ స్నాప్‌షాట్ (అప్పటి స్థితి నకలు) తీయగలవు. ఒకే బ్లాకు దగ్గర వేర్వేరు సంస్థల పీర్‌లు తీసిన స్నాప్‌షాట్ల హ్యాష్‌లను పోల్చి చూసుకుని, అవి ఒకటేనని తేలాక కొత్త పీర్‌ను దాని నుంచే మొదలుపెట్టవచ్చు. ఆ పీర్‌లో పాత బ్లాకులు ఉండవు గాని, పాత పీర్‌లలో ఉంటాయి, గొలుసు అదే. ఇది అందరూ సరిచూసుకోగల పని కాబట్టి దీనికి నా అభ్యంతరం లేదు.

పాత బాండ్లు చెల్లుతాయా అన్న ప్రశ్నకు వద్దాం. రాతలు భద్రంగా ఉండటం ఒక ఎత్తు, కొత్త చెయిన్‌కోడ్ వాటిని చదవగలగడం మరొక ఎత్తు. 2.0తో గో భాష షిమ్ లైబ్రరీ (చెయిన్‌కోడ్‌ను పీర్‌తో కలిపే కోడ్) ఫ్యాబ్రిక్ మూల రిపాజిటరీ నుంచి బయటకు వెళ్ళి విడి రిపాజిటరీ అయింది. ఆధార లైబ్రరీలను చెయిన్‌కోడ్ ప్యాకేజీలోనే వెండరింగ్ చేసుకోవలసి (నకలు పెట్టుకోవలసి) వచ్చింది. ఇంపోర్టు దారులు మార్చడం ఒక పూట పని. ఎలాగూ తాకుతున్నాం కదా అని చాలా బృందాలు అదే ఊపులో, చెయిన్‌కోడ్‌ను సులువుగా రాయించే కాంట్రాక్టు ఏపీఐకి కూడా మారతాయి. ఆ ఏపీఐ ప్రతి ఫంక్షన్ తిరిగి ఇచ్చే విలువకు ఒక స్కీమా (ఏయే గడులు ఉండాలో చెప్పే నమూనా) తయారుచేసుకుని, విలువ దానికి సరిపోతోందో లేదో చూస్తుంది. మా బాండు నిర్మాణంలో ప్రయోగశాల నివేదిక సంఖ్య అనే గడి ఉంది. మొదటి సీజనులో ప్రయోగశాల ఇంకా నెట్‌వర్కులో చేరలేదు కాబట్టి అప్పటి బాండ్లలో ఆ గడి ఖాళీ. ఖాళీగా ఉంటే జేసన్‌లో (రికార్డును రాతగా దాచే రూపంలో) వదిలేయమని ట్యాగులో (కోడ్‌లో గడి పక్కన రాసే సూచనలో) రాసి ఉంది, కానీ అది ఐచ్ఛికమని స్కీమాకు చెప్పే ట్యాగు విడిగా రాయాలి. అది లేకపోతే కొత్త బాండు చక్కగా తెరుచుకుంటుంది, మొదటి సీజను బాండు అడిగితే విలువ స్కీమాకు సరిపోలేదన్న ఎర్రర్ వస్తుంది. కొత్తగా సృష్టించిన డేటా మీద నడిపే యూనిట్ టెస్టులన్నీ పచ్చగా ఉంటాయి. నాలుగేళ్ళ నాటి బాండును తెచ్చి అడిగినప్పుడే విషయం బయటపడుతుంది. మా టెస్ట్ నెట్‌వర్కు అసలు లెడ్జర్ బ్యాకప్‌ల మీద కట్టింది కాబట్టి అక్కడే కనబడింది. వెర్షన్ మార్పుకు ముందు పాత లెడ్జర్ నకలు మీద, ప్రతి సీజను నుంచి కొన్ని రికార్డులు తీసి చదివించడం తప్పనిసరి అని నేను అనడానికి కారణం ఇదే. ఉత్తుత్తి డేటాతో చేసే పరీక్షలు ఎన్ని ఉన్నా ఈ లోటు తీరదు.

కొత్త ఫీచర్లను ఇదే పనిలో కలపకూడదనడానికి కారణం ఎండార్స్‌మెంట్ స్వభావంలోనే ఉంది. ఒక లావాదేవీని రెండు మూడు సంస్థల పీర్‌లు విడివిడిగా నడిపి చూస్తాయి. అన్నిటి ఫలితం అక్షరం పొల్లుపోకుండా ఒకటే అయితేనే అది చెల్లుతుంది. ఒక చోట రికార్డులో గడుల వరుస మారినా, ప్రపోజల్ రెస్పాన్స్ పేలోడ్‌లు సరిపోలడం లేదన్న ఎర్రర్‌తో ఆగిపోతుంది. నోడ్‌జేఎస్‌లో రాసిన చెయిన్‌కోడ్‌లో ఈ ప్రమాదం మరీ ఎక్కువ, ఎందుకంటే జేసన్‌గా మార్చేటప్పుడు గడులను చేర్చిన క్రమమే వస్తుంది. అందుకే ఫ్యాబ్రిక్ నమూనాలలో గడులను అక్షరక్రమంలో పేర్చి రాసే లైబ్రరీలను వాడతారు. గో లైబ్రరీ మ్యాప్‌లను పేర్చే రాస్తుంది గాని, మ్యాప్ మీద లూపు తిరిగి ఆ వరుసలో జాబితా కడితే మాత్రం ప్రతిసారీ వేరే వరుస రావచ్చు. ఇప్పుడు ఊహించండి: వెర్షన్ మార్పుతో పాటు వడ్డీ లెక్కలో కొత్త నిబంధన కూడా కలిపారు. ఫలితాలు సరిపోలడం లేదు. తేడా కొత్త షిమ్ వల్ల వచ్చిందా, ఒక సంస్థ పాత ప్యాకేజీనే ఉంచుకోవడం వల్లనా, వడ్డీ నిబంధనలో ప్రతిసారీ ఒకే ఫలితం ఇవ్వని కోడ్ వల్లనా? మూడు సంస్థల లాగ్‌లు మూడు చోట్ల ఉన్నాయి, వాటిలో రెండు మన చేతిలో లేవు. కలిపి చేస్తే ఖర్చు తగ్గుతుందనే మేనేజర్ ఈ లాగ్‌ల కోసం బ్యాంకు ఐటీ విభాగానికి రాసిన మెయిళ్ళకు జవాబు ఎప్పుడొస్తుందో ఒకసారి చూసుకోవాలి.

బాగా నడుస్తున్నదాన్ని కదపడం ఎందుకు అన్న మాట పల్లెలోను, కార్పొరేట్ ఆఫీసులోను ఒకే తీరున వినబడుతుంది. దీనికి 2020 నవంబరు 11న ఇథీరియం అనే బహిరంగ బ్లాక్‌చెయిన్‌లో జరిగినది మంచి జవాబు. ఎన్నో వాలెట్లు, ఎక్స్ఛేంజీలు ఆధారపడే ఇన్‌ఫ్యూరా సేవ అప్పటికి గెత్ అనే ఇథీరియం సాఫ్ట్‌వేర్ పాత వెర్షన్లను నడుపుతోంది. అంతకు కొన్ని నెలల ముందే కొత్త గెత్‌లో సరిచేసిన ఒక కన్సెన్సస్ (నోడ్‌లన్నీ ఒకే ఫలితానికి రావడం) లోపాన్ని ఆ రోజు ఒక లావాదేవీ బయటకు తీసింది. పాత వెర్షన్లు మిగిలిన నెట్‌వర్కు నుంచి విడిపోయి వేరే గొలుసులో పడ్డాయి, మెటామాస్క్ వాలెట్ వాడేవారికి సేవ అందలేదు, బైనాన్స్ వంటి ఎక్స్ఛేంజీలు ఇథర్ విత్‌డ్రాయల్స్‌ను కొంతసేపు ఆపాయి. ఆ ముందు రోజు వరకు అక్కడ కూడా అంతా బాగానే నడుస్తోంది.

ఫ్యాబ్రిక్‌లో వాయిదా వేసినకొద్దీ పేరుకునే భారం వేరే రూపంలో వస్తుంది. ఫ్యాబ్రిక్‌ను రాసిన గో భాష 1.15 నుంచి, సర్వర్ గుర్తింపు పత్రమైన సర్టిఫికెట్‌లో సబ్జెక్ట్ ఆల్టర్నేటివ్ నేమ్ అనే గడి లేకుండా పాతకాలపు కామన్ నేమ్ గడి మాత్రమే ఉంటే టీఎల్‌ఎస్ (సురక్షిత కనెక్షన్) తనిఖీలో తిరస్కరిస్తుంది. పాత తీరులో వదిలేయడానికి ఉన్న సర్దుబాటు కూడా 1.17లో పోయింది. తొలినాళ్ళలో హడావుడిగా చేయించుకున్న సర్టిఫికెట్లు ఉన్న నెట్‌వర్కు, కొత్త గోతో కట్టిన ఫ్యాబ్రిక్ బైనరీకి మారిన రోజున పీర్‌లు ఒకదానితో ఒకటి మాట్లాడలేవు. పీర్‌లు నిల్వలను దాచుకోవడానికి వాడే కౌచ్‌డీబీ డేటాబేసు, దాని 3.0 వెర్షన్ నుంచి అడ్మిన్ పాస్‌వర్డు లేకుండా లేవదు. ఫ్యాబ్రిక్ 3.0లో కాఫ్కా లేదు, సిస్టమ్ చానెల్ (ఆర్డరర్ల ఉమ్మడి నిర్వహణ చానెల్) లేదు, 1.x నాటి చెయిన్‌కోడ్ లైఫ్‌సైకిల్ లేదు, అంటే 1.4లో ఉండిపోయినవారు అవన్నీ 2.x లో వదిలించుకున్న తరువాతే అక్కడికి చేరగలరు. వీటిలో ఏ ఒక్కటీ విడిగా పెద్ద పని కాదు. అన్నీ ఒకేసారి మీద పడితే, ఖాళీ నెట్‌వర్కు కట్టేద్దామన్న సలహాయే తెలివైనదిగా కనబడుతుంది. వాయిదా వేయవద్దని నేను అనేది ముఖ్యంగా ఇందుకే: ఆలస్యం చేసినవారు చివరకు చరిత్రను వదులుకునే ధర చెల్లిస్తారు.

బెంగళూరు ఉద్యోగాల తీరు ఈ వాయిదాను మరింత ప్రమాదకరం చేస్తుంది. మా చెయిన్‌కోడ్ మొదటి వెర్షన్ రాసినవారిలో ఇప్పుడు ఇక్కడ ఎవరూ లేరు. ఒకరు వైట్‌ఫీల్డ్‌లో మరో కంపెనీకి వెళ్ళారు, ఒకరు హైదరాబాదు తిరిగి వెళ్ళిపోయారు. నోటీసు పీరియడ్‌లో చేసే నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్ అంటే నాలుగు వీడియో కాల్స్, ఒక పత్రం. ఎండార్స్‌మెంట్ విధానంలో ప్రయోగశాల పేరు ఎందుకు లేదో, ఒక చానెల్‌లో బ్లాకు పరిమాణం ఎందుకు వేరుగా ఉందో ఆ పత్రంలో ఉండదు. ఏడాదికో రెండేళ్ళకో వెర్షన్ మార్చుకునే బృందంలో మాత్రం, ప్రతి కాన్ఫిగరేషన్ గడినీ ఎవరో ఒకరు తాకి, ఇది ఎందుకుందని అడిగి తీరవలసి వస్తుంది. అడగడానికి మనిషి ఇంకా ఉద్యోగంలో ఉండగానే ఆ ప్రశ్న పుడుతుంది. సర్వీసు కంపెనీల బిల్లింగ్ దీనికి అడ్డం వస్తోంది. కొత్త తెర చేస్తే బిల్లు వేయవచ్చు గాని, ఎవరికీ కనబడని వెర్షన్ మార్పుకు బిల్లు వేయాలంటే క్లయింటు దగ్గర మాట పెగలదు. ఆ మొహమాటాన్ని మొదటి ఒప్పందంలోనే వదిలించుకోవాలి.

ఎప్పుడు చేయాలన్నది కూడా కోడ్ చూసి నిర్ణయించేది కాదు. ఫిబ్రవరి నుంచి మే వరకు యార్డుకు సరుకు పోటెత్తుతుంది, కోల్డ్ స్టోరేజీలు నిండుతాయి, బాండ్లూ అప్పులూ అప్పుడే పుడతాయి. బెంగళూరులో ఆర్థిక సంవత్సరం ముగిసేలోగా, అంటే మార్చిలో, బడ్జెట్ ఖర్చు చేసేయాలన్న తొందర సరిగ్గా ఆ రద్దీ మీదే వచ్చి పడుతుంది. దసరా దాటిన తరువాత, కొత్త పంట రాకముందు చేద్దామని బ్యాంకూ ఎగుమతిదారూ ఒప్పుకున్నారు.

ఇక మా ముందున్నది 3.0. అందులో స్మార్ట్‌బీఎఫ్‌టీ అనే లైబ్రరీ ఆధారంగా కొత్త ఆర్డరింగ్ పద్ధతి వచ్చింది. రాఫ్ట్‌లో ఒక నోడ్ ఆగిపోతే తట్టుకోవచ్చు గాని, ఒక నోడ్ మోసపూరితంగా ప్రవర్తిస్తే తట్టుకునే ఏర్పాటు లేదు. కొత్త పద్ధతిలో నాలుగు నోడ్‌లుంటే వాటిలో ఒకటి అడ్డం తిరిగినా మిగిలినవి సరైన వరుసనే నిలబెట్టగలవు. మా నెట్‌వర్కులో ఉన్నది సరిగ్గా నలుగురు, ఒకరి మీద ఒకరికి అనుమానమున్న నలుగురు. వారికి ఇంతకంటే తగిన వెర్షన్ ఇంతవరకు రాలేదనే నా అభిప్రాయం. కానీ దాని ప్రయోజనం దక్కాలంటే నలుగురూ తమ తమ ఆర్డరర్‌ను తామే నడపాలి, కీలు తామే ఉంచుకోవాలి. కోల్డ్ స్టోరేజీల సంఘం ఇప్పటికీ తన నోడ్‌ను మా సర్వర్ల మీదే ఉంచింది. ఆ నోడ్‌ను వారి సొంత ఖాతాకు తరలించడం, నెలవారీ ఖర్చు ఎవరు భరించాలో తేల్చడం, ప్రతి వెర్షన్ మార్పుకూ ముందు పాత లెడ్జర్ నకలు మీద పరీక్ష చేసి ఫలితాన్ని నలుగురికీ చూపించాలన్న నిబంధనను ఒప్పందంలో చేర్చడం, ఈ మూడూ తేలాకే 3.0 బైనరీ ఎక్కించాలని రాతపూర్వకంగా ప్రతిపాదించాను. ప్రయోగశాల, ఎగుమతిదారు ఒప్పుకున్నారు. బ్యాంకు న్యాయ విభాగం చదువుతోంది. గుంటూరు పెద్దాయన తమ సంఘం సమావేశానికి రమ్మని పిలిచారు. సర్వర్ ఖర్చుల లెక్క, మొదటి సీజను బాండ్ల పరీక్ష ఫలితాలు తెలుగులో ముద్రించి పట్టుకుని వెళుతున్నాను.